కొరమీను గద్దల కాపలా

అమ్మలూ,

మొన్న ఫోన్లో "గద్దలకు కాపలా ఏమిటి నాన్నా?" అని నవ్వావు. నేను జవాబు చెప్పేలోపే నీ బస్సు వచ్చేసింది. రాసి పడేస్తే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

2021 ఏప్రిల్ చివర్లో ఇక్కడి బ్రెనిగ్ సరస్సు దగ్గర కొరమీను గద్దల (ఓస్ప్రేల) గూడున్న స్తంభాన్ని రాత్రికి రాత్రి ఎవరో మోటారు రంపంతో కోసి పడేశారు. అప్పటికే అందులో గుడ్డు ఉంది. వేల్స్‌లో ఈ పక్షులు గూడు కట్టినట్టు తొలిసారి నమోదైందే 2004లో. జంటలు ఇప్పటికీ కొద్దే. అందుకే గుడ్లున్నన్నాళ్లు అటు గ్లాస్లిన్ నది దగ్గరా ఇటు మన డవీ నది దగ్గరా రాత్రీ పగలూ మనుషులు కనిపెట్టుకుని ఉంటారు.

నా వంతు పని పుస్తకంలో రాయడం. "6.40. మగపక్షి వచ్చింది. మల్లెట్ చేప. తల లేదు." తల సాధారణంగా ఉండదు. ఆయనగారు దారిలో ఏ కొమ్మ మీదో కూర్చుని తన వాటా తినేసి, మిగిలింది ఇంటికి తెస్తాడు. ఇది చెప్పినప్పుడు మీ అమ్మ నా వైపు ఎలా చూసిందో ఊహించుకో. ఆడపక్షి మాత్రం చేపను కాలి కింద తొక్కిపట్టి, గోరంత ముక్క చీల్చి, పిల్ల నోటికి అందేలా తల పక్కకు వంచి పెడుతుంది. కొంకిలా తిరిగిన ఆ ముక్కు పిల్లకు ఎక్కడ గుచ్చుకుంటుందోనని మొదటి వారమంతా నాకే భయం.

ఐదారు వారాల వయసులో పిల్ల కుడికాలికి నీలం రింగు వేస్తారు. ముందే వేద్దామంటే కాలు ఇంకా పెరుగుతుంటుంది. ఆలస్యమైతే బెదిరి గూట్లోంచి దూకేస్తుంది. ఆ రింగు మీది అక్షరాలను టెలిస్కోపులో చదివే, ఎప్పుడో తిరిగొచ్చిన పక్షి ఏ గూటి పిల్లో చెబుతారు.

ఇక్కడి పిల్లలకు వాగుల పేర్లు, నదుల పేర్లు పెడుతుంటారు. 2012 జూన్ గాలివానకు డవీ గూట్లోని మూడు పిల్లల్లో రెండు చనిపోయాయి. మూడోది కూడా చావుబతుకుల్లో ఉంటే మనుషులు పైకెక్కి, దానికి చేప తినిపించి, మళ్లీ గూట్లో పెట్టారు. అదే కైలన్. బతికింది, ఎగిరింది, సెనెగల్ దాకా చేరింది. ఆ ఏడాది ముగియకముందే అక్కడ చనిపోయింది. ప్రకృతి పనిలో మనం వేలు పెట్టకూడదనే వాళ్లున్నారు. నేనైతే పెట్టేవాణ్నే.

ఈ ఏటి సంగతికి వస్తే, తల్లి పోయిన వారమే దక్షిణానికి వెళ్లిపోయింది. పిల్లలు గూటి అంచున కూర్చుని అరుస్తుంటే తండ్రి ఇంకా చేపలు మోస్తున్నాడు. వేట ఎవరూ నేర్పరు. ఎప్పుడు బయలుదేరాలో, ఎటు వెళ్లాలో కూడా ఎవరూ చెప్పరు. ఏ పిల్లకు ఆ పిల్ల, ఒంటరిగా, ఎన్నడూ చూడని పడమటి ఆఫ్రికాకు ఐదు వేల కిలోమీటర్ల దాకా ఎగిరిపోతుంది. తిరిగొస్తే రెండేళ్ల తర్వాతే. రానివే ఎక్కువ. నిన్ను కార్డిఫ్ బస్సెక్కించిన రోజుతో పోల్చబోయి మానుకున్నాను. నీకు మూడు డబ్బాల పచ్చడి కట్టిచ్చాం కదా!

కొల్లేటి గట్టు మీద మీ తాతయ్య దీన్ని కొరమీను గద్ద అనేవారు. చలికాలంలో అక్కడికి వచ్చేవి ఈ గూటివి కావులే, అవి ఆసియా ఉత్తరాది నుంచి వస్తాయి. ఇక్కడి వెల్ష్ పేరు గ్వల్ఖ్ అ పస్గోడ్. దాని అర్థమూ చేపల డేగే. మొదటిసారి విన్నప్పుడు తాతయ్యకు చెప్పాలనిపించింది.

వచ్చే శనివారం వీలైతే రా. తండ్రి కూడా వెళ్లిపోతే ఇక చూడటానికి ఖాళీ గూడే మిగులుతుంది. వస్తూ నా పాత బైనాక్యులర్స్ పట్టుకురా, అవి నీ అలమరాలోనే ఉన్నాయి. కుడి కంటి వైపు చక్రం బిగుసుకుపోయింది, బలవంతంగా తిప్పకు.

నాన్న