యుద్ధంలో పడ్డ ఆకలిని కూడా రికార్డు చేయించండి సార్

రక్షణ మంత్రి గారికి నమస్కారం.

యుద్ధాల మీద ఫైళ్ళకి కొదవ లేదు సార్, ఏ పోస్టుకి ఎంత రేషన్ పంపారో రాసే ఉంటుంది, కానీ పంపింది చేరిందా, చేరితే ఎవరికెంత దక్కింది, దక్కని రోజు ఏం తిని బతికారు అనేది ఆ పస్తులున్న వాళ్ళకే తెలుసు. వాళ్ళేమో ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లోని కుట్ పట్టణాన్ని తుర్కీ సైన్యం ముట్టడించిన సంగతి చూడండి. 1915 డిసెంబర్ నుంచి 1916 ఏప్రిల్ దాకా టైగ్రిస్ ఒడ్డున చిక్కుకుపోయిన బ్రిటిష్ ఇండియన్ సైన్యం చివరికి గుర్రాల్ని కోసుకుని తినాల్సొచ్చింది, భారతీయ సిపాయిలు చాలామంది మొదట్లో ఆ మాంసం ముట్టనే లేదు, మతం అడ్డం, ఇంటికెళ్తే కులంలోంచి వెలేస్తారేమోనన్న భయం. తాజా పళ్ళు, కూరగాయలు లేక వచ్చే స్కర్వీ జబ్బుతో మంచాన పడ్డారు, విమానాల్లోంచి పిండి మూటలు వేసినా చాల్లేదు, లొంగిపోయారు. కమాండ్ చేసిన జనరల్ తర్వాత పుస్తకం రాసుకున్నాడు. ఆకలికి, ఆచారానికి మధ్య నలిగిపోయిన సిపాయి సొంత మాట మాత్రం మనకి దొరికేది చాలా తక్కువ, నాకు బాధంతా అక్కడే.

శత్రువు వైపూ అంతే, రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో ఇంఫాల్ మీదకొచ్చిన జపాన్ సైనికులకి సుమారు మూడు వారాల తిండే ఇచ్చి పంపారు, వెనక్కి వెళ్ళే దారిలో ఆకలితో, జబ్బులతో రాలిపోయారు.

ఇంకో విషయం, ఆకలి యుద్ధంతో పాటు ఆగిపోదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఒక పరిశోధన కోసం 36 మంది వాలంటీర్లకి దాదాపు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూస్తే వాళ్ళకి వేరే ధ్యాసే లేకుండా పోయింది, వంటల పుస్తకాలు చదువుకుంటూ కూర్చున్నారు, మళ్ళీ కడుపునిండా పెట్టాక కూడా కొందరికి నెలల తరబడి తృప్తి కలగలేదు. వాళ్ళ మీద బాంబులు కూడా పడలేదు సార్! మరి ఖైదీగా ఏళ్ళు గడిపి వచ్చిన సైనికుడు ప్లేట్లో మెతుకు వదిలితే ఎందుకు కోప్పడతాడో ఇంట్లో పిల్లలకి ఎవరు చెప్తారు?

అందుకే అడుగుతున్నా, మాజీ సైనికుల దగ్గరికి మనుషుల్ని పంపి వాళ్ళ భాషలోనే రికార్డు చేయించండి. మెడల్స్ గురించి అందరూ అడిగారు, తిండి గురించి అడగమనండి. వంటవాళ్ళని, రేషన్ మోసినవాళ్ళని వదిలేయొద్దు, నిజంగా ఎవరికెంత అందిందో వాళ్ళకి తెలిసినట్టు ఆఫీసర్లకి తెలియదు. దొంగిలించి తిన్నామని ఎవరైనా చెప్తే దాన్ని రికార్డులోంచి తీసేయకండి, దాని మీద ఏ చర్యా తీసుకోబోమని ముందే రాసివ్వండి, లేకపోతే ఎవరూ నోరు విప్పరు.

పెద్ద బిల్డింగ్, కమిటీ అంటూ ఆగొద్దు సార్. ముందు ఎనభై దాటినవాళ్ళతో ఈ ఏడాదే మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక పౌరుడు