వాలు మీద వట్టివేరు నాటేటప్పుడు

సంపాదకునికి,

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వానకు ఒడిశాలోని మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ప్రాణాలు పోయాయి. ఆ భయం ఉన్నచోట రోడ్డు కోసం కోసిన గట్లను బోసిగా వదలకూడదు. వట్టివేరు పెట్టాలి. దాన్ని ఎలా పెట్టాలన్నదే అసలు సంగతి.

మట్టి బరువు మోస్తుంది గానీ లాగితే తట్టుకోదు. కాంక్రీటులో ఇనుప చువ్వ చేసే పనే మట్టిలో ఈ వేరు చేస్తుంది. పక్కకు పాకకుండా నిలువునా దిగుతుంది. మంచి నేలలో మొదటి ఏడాదే 3 మీటర్ల దాకా పోతుంది. వేరు లాగుడు బలం సగటున 75 మెగాపాస్కల్, అంటే మామూలు ఉక్కులో ఇంచుమించు ఆరో వంతు. గరిక పైమట్టిని పట్టుకుంటుంది, అంత లోతుకు పోదు.

మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నాటితే అక్టోబరు తుపాన్ల నాటికి వేరు దిగుతుంది. ఆగస్టు దాటాక నాటితే ఆ వానకే పిలకలు కొట్టుకుపోతాయి. ముందుగా గట్టు పైఅంచున నీటిని పక్కకు మళ్లించే కాలువ తవ్వాలి. రెండు మూడు పిలకలున్న దుబ్బును ఆకు జానెడు ఉంచి కత్తిరించి, వేరు నాలుగు వేళ్ల పొడవు ఉంచి నాటాలి. దుబ్బుకూ దుబ్బుకూ 10 నుంచి 15 సెంటీమీటర్లు. నిటారు గట్టు మీద వరసల మధ్య నిలువు ఎత్తు మీటరు, మహా అయితే మీటరున్నర. 10 సెంటీమీటర్ల ఎడానికి 100 మీటర్ల వరసకు 1,000 దుబ్బులు పడతాయి.

వరస వాలుకు అడ్డంగా, సమమట్టంలో సాగాలి. ఇంగ్లీషు ‘A’ అక్షరం ఆకారంలో కర్రలు కట్టి, మధ్యలో రాయి వేలాడదీస్తే మట్టం తెలుస్తుంది. కళ్లతో చూసి గీస్తే వరస కిందికి ఒరుగుతుంది, నీరు అక్కడికే చేరుతుంది. ఒక్క దుబ్బు చచ్చినా ఆ సందులోంచే నీరు దూకి గండి పెడుతుంది. సందులున్న వరస కంటే వరస లేకపోవడమే మేలనిపిస్తుంది మాకు.

చెట్ల నీడలో ఇది సరిగా ఎదగదు. లేత ఆకును పశువులు మేస్తాయి, అందుకని మొదటి ఏడాది కంచె ఉండాలి. విత్తు పడని దక్షిణాది రకమే తేవాలి. అది పొలాల్లోకి పాకదు. తడికెలకు, నూనెకు వేరు తవ్వి అమ్ముకునేవాళ్లను ఈ గట్ల దగ్గరికి రానివ్వకూడదు. బాగా లోతున జారే కొండను వట్టివేరు ఒక్కటే ఆపలేదు, అక్కడ అడుగున గోడ కూడా కావాలి.

రోడ్డు పనుల అంచనాల్లో నాటే కూలీతోపాటు, రెండో ఏడాది వానలకు ముందే చచ్చిన దుబ్బుల చోట కొత్తవి పెట్టే కూలీనీ రాయాలని అధికారులను కోరుతున్నాం.

ఇట్లు,
పాఠకులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా