చివర్లో ధైర్యం చెప్పకపోతే టికెట్ డబ్బులు దండగేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేజీలో ఒకాయన రాశారు, ఏడిపించే సినిమా తీస్తే తీయండి గానీ చివర్లో జనానికి కాస్త ధైర్యం చెప్పి పంపాలి, లేకపోతే టికెట్ డబ్బులు దండగ అని. నాకైతే అస్సలు నచ్చలేదండీ. మన విశాఖ, భీమిలి వైపు తీసిన బాలచందర్ గారి ‘మరో చరిత్ర’ చూడండి, 1978లో వచ్చింది, కలర్ కూడా కాదు, ఏడాది ఆగి కలుస్తారనుకున్న ఇద్దరూ చివరికి చచ్చిపోతారు, ఓదార్పు మాట ఒక్కటి లేదు, అయినా తెగ ఆడింది. 1981లో ఆయనే హిందీలో తీసినప్పుడు కూడా ఇద్దర్నీ బతికించలేదు.

నాన్న పోయిన ఏడాదికి అమ్మని జగదంబ దగ్గర ఒక సినిమాకి తీసుకెళ్ళా, అంత విషాదమని తెలిస్తే తీసుకెళ్ళేవాణ్ణే కాదు. పాప్‌కార్న్ ఒళ్ళో అలాగే పెట్టుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. బయటికొచ్చాక బీచ్ రోడ్డుకి పోనివ్వమంది, ముంత మసాలాలో ఉల్లిపాయ ఎక్కువేయించుకుని మరీ తిని, అప్పుడు మొదటిసారి చెప్పింది నాన్న ఆఖరి రాత్రి ఏం అడిగారో. పెరుగన్నం అడిగారంట. డాక్టర్ వద్దన్నారని పెట్టలేదంట.

హీరో చివర్లో లేచి జీవితమంటే పోరాటం అని లెక్చరిచ్చుంటే అమ్మ ఆ మాట చెప్పేదా? దినాలకొచ్చిన చుట్టాలందరూ ధైర్యంగా ఉండమనే చెప్పారు, అప్పుడు నోరు విప్పలేదు మరి. ఊరికే సాగదీసి వయొలిన్ వాయించి ఏడిపించేవీ బోలెడున్నాయి, వాటిని నేనూ వెనకేసుకురాను.

నిన్న అమ్మ అడిగింది, ఆ సినిమా ఓటీటీలో వచ్చిందా అని.

ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం