2025 వార్షిక నివేదిక: ఆయుధ హక్కుల బిల్లుల కోసం ఆస్టిన్‌లో మన పని

సభ్యులందరికీ నమస్కారం.

టెక్సస్ శాసనసభ బేసి సంవత్సరాల్లోనే, అదీ 140 రోజులే రెగ్యులర్‌గా సమావేశమవుతుంది. ఈసారి రాజధాని ఆస్టిన్‌లో ఆ సమావేశం 2025 జనవరి 14న మొదలై జూన్ 2న ముగిసింది. పండగల ముచ్చట్లు, జమాఖర్చులు విడిగా పంపుతున్నాం. ఈ నివేదిక మాత్రం ప్రజా వ్యవహారాల కమిటీ చేసిన పని గురించే.

మన సంఘంలో గ్యాస్ స్టేషన్లు, మోటళ్లు నడిపేవాళ్లు చాలామంది. అర్ధరాత్రి కౌంటర్ దగ్గర ఒక్కళ్లే ఉండే మనిషికి, పోలీసులు వచ్చేలోపు తన ప్రాణం తనే కాపాడుకోవాలి. ఈ పని పెట్టుకోమని అడిగింది వాళ్లే. అందరూ ఒప్పుకోలేదు. 2023 మే 6న డాలస్ దగ్గరి ఆలెన్ మాల్ కాల్పుల్లో పోయిన 8 మందిలో ఒకరు మన తెలుగింటి ఆడపిల్ల. ఆ తర్వాత గన్ అనే మాటే వినలేమన్న కుటుంబాలు మనలో ఉన్నాయి. వాళ్ల అభ్యంతరం మినిట్స్‌లో రాశాం. మెజారిటీ అభిప్రాయం మేరకు ముందుకెళ్లాం.

మూడు బిల్లులకు మద్దతిచ్చాం. ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 1362 వల్ల, నేరం రుజువు కాకుండానే ఒకరి ఆయుధాలు తీసుకునే ‘రెడ్ ఫ్లాగ్’ ఉత్తర్వులు టెక్సస్‌లో చెల్లవు. హెచ్‌బీ (హౌస్ బిల్లు) 3053 నగరాలు, కౌంటీలు గన్ బైబ్యాక్‌లు, అంటే జనం దగ్గరి తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకునే కార్యక్రమాలు, పెట్టకుండా ఆపింది. ఎస్‌బీ 1596 పొట్టి బారెల్ తుపాకులను రాష్ట్ర నిషేధ జాబితాలోంచి తీసేసింది. ఫెడరల్ రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉంది, మర్చిపోకండి. మూడూ చట్టాలయ్యాయి. మన వల్లే అయ్యాయని చెప్పుకుంటే నవ్వుతారు. పెద్ద సంఘాలు ఏళ్ల తరబడి తిరిగిన పని అది. షాపు ఓనర్ల గొంతు అక్కడ వినపడేలా చేశాం, అంతే.

ఒకే నమూనా ఈమెయిల్ వందమంది పంపితే శాసనసభ్యుడి ఆఫీసులో దాన్ని లెక్కేసి పక్కన పెడతారు. అదే తమ జిల్లా ఓటరు, తన షాపు ఏ వీధిలో ఉందో చెప్పి ఫోన్ చేస్తే రాసుకుంటారు. మనవాళ్లకు ప్రతినిధితో ఫొటో దిగాలన్న మోజు ఎక్కువ. బిల్లు చదివేది, ఆయనకు నోట్ రాసి ఇచ్చేది లోపల కూర్చున్న స్టాఫ్. వాళ్లతో పది నిమిషాలు దొరికితే అదే చాలు. కమిటీ విచారణలో మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు, కానీ దానికోసం పొద్దున వెళ్లి రాత్రిదాకా కూర్చోవాల్సి రావచ్చు. మాట్లాడకపోయినా, క్యాపిటల్ (శాసనసభ భవనం)లోని కియోస్క్‌లో, అంటే అక్కడి నమోదు యంత్రంలో, బిల్లుకు అనుకూలమని పేరు నమోదు చేసుకోవచ్చు. అది రికార్డుకెక్కుతుంది.

ఎక్కువ ఫోన్లు వచ్చింది వేరే విషయం మీద. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు కదా, హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లూ కొనుక్కోవచ్చా అని. కూడదు. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. కాల్పులు సాధన చేసే రేంజ్‌లో అద్దె గన్ పట్టుకున్నా చిక్కే. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు, పైగా వీసా గతి చెప్పక్కర్లేదు. వేట లైసెన్స్ లాంటి మినహాయింపులున్నా, లాయరును అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. షాపులో పార్ట్‌టైం చేసే స్టూడెంట్ చేతికి ఓనర్ తన గన్ ఇచ్చి ఇంటికెళ్లిపోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

మనది 501(సి)(3) సంఘం, అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ కాబట్టి బిల్లుల మీద కొంతమేరకే పనిచేయగలం. అభ్యర్థులకు మద్దతు అసలు ఇవ్వకూడదు. ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) ముందు సంఘం వాట్సాప్ గ్రూపుల్లో ప్రచారం పెట్టొద్దని కోరుతున్నాం.

తర్వాతి సమావేశాలు 2027 జనవరి 12న మొదలవుతాయి. బిల్లులు ముందుగా దాఖలు చేయడం మాత్రం 2026 నవంబరు 9 నుంచే. ఈసారి దసరాకల్లా స్టాఫ్‌ను కలవాలని కమిటీ నిర్ణయించింది. వచ్చే ఓనర్లు తమ జిల్లా నంబరుతో సహా కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.