రవివర్మకు ఆయిల్ రంగులు ఎవరు నేర్పారు?

అనంతపురం

అమ్మణ్ణీ,

సీనియర్‌ను రంగుల కలయిక అడిగితే చెప్పకుండా మొహం తిప్పుకున్నాడని, ఇక్కడ ఎవరూ ఏమీ నేర్పరని, వచ్చేస్తానని నువ్వు ఏడ్చినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఫోన్‌లో నాకు మాటలు కుదరవు, అందుకే రాస్తున్నా.

రవివర్మ నీ వయసులో ఇదే చిక్కులో ఉన్నాడు. ఆయన 1848లో కేరళలోని కిళిమానూరులో పుట్టాడు. చిన్నప్పుడు ఇంటి గోడల నిండా బొగ్గుతో జంతువుల బొమ్మలు గీసేవాడట. మేనమామ రాజరాజవర్మ కూడా బొమ్మలు వేసేవాడే. ఆయన ఆ గీతలు చూసి, పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని తొలి పాఠాలు చెప్పాడు. పద్నాలుగో ఏట తిరువనంతపురం తీసుకుపోయి ఆయిల్యం తిరునాళ్ మహారాజుకు చూపించాడు. అందరూ మహారాజునే పొగుడుతారు గానీ, నాకు ఆ మేనమామ మీదే ఎక్కువ గౌరవం. మసి అయిన గోడను కాదు, పిల్లవాడి చేతిని చూశాడు.

కోటలో రామస్వామి నాయకర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆయన పని చూసి రవివర్మ నీటి రంగులు పట్టుకున్నాడు. ఆయిల్ దగ్గరికి వచ్చేసరికి దారి మూసుకుపోయింది. నీటి రంగు వేసిన కాసేపటికే ఆరిపోతుంది. అవిసె నూనెతో నూరిన రంగు రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది కాబట్టి, చెంప మీది వెలుగును మెల్లమెల్లగా నీడలోకి లాక్కుపోవచ్చు. నేను బోర్డులకు వాడే ఎనామెల్ అట్లా మాట వినదు, మన ఎండకు ఇట్లా వేస్తే అట్లా తోలు కడుతుంది. రవివర్మ బొమ్మల్లో పట్టుచీర మెరుపు, నగల తళుకు చూసినప్పుడల్లా నేను ఆ నూనెనే తలుచుకుంటా.

ఆ పని తెలిసిన నాయకర్ నేర్పనన్నాడు. ఆయన శిష్యుడు ఆరుముగం పిళ్ళై గురువుకు తెలియకుండా కొంత చెప్పాడంటారు. 1868లో థియోడర్ జెన్సన్ అనే యూరప్ చిత్రకారుడు రాజకుటుంబం బొమ్మలు వేయడానికి వచ్చాడు. ఆయనకూ నేర్పడం ఇష్టం లేదు. మహారాజు అడిగితే, తాను వేస్తున్నప్పుడు చూడటానికి మాత్రం ఒప్పుకున్నాడు. అప్పటికి రవివర్మకు ఇరవై ఏళ్ళు. దక్కింది చూపు ఒక్కటే. మిగిలినదంతా తనే వేసి, చెడగొట్టి, మళ్ళీ వేసి నేర్చుకోవాల్సి వచ్చింది. 1873లో, జడలో మల్లెపూలు పెట్టుకుంటున్న నాయర్ స్త్రీ బొమ్మకు మద్రాసు ప్రదర్శనలో గవర్నర్ బంగారు పతకం ఇచ్చారు. వియన్నాలోనూ ఆ బొమ్మకు బహుమతి వచ్చింది.

నేను టవర్ క్లాక్ దగ్గర బోర్డుల అంగట్లో చేరినప్పుడు డబ్బాలు కడగడమే నా పని. అక్షరం ఎట్లా తిప్పాలో మా మేస్త్రీ ఏనాడూ నోటితో చెప్పలేదు. చెయ్యి కర్ర మీద ఎక్కడ ఆనిస్తున్నాడు, కుంచెకు రంగు ఎంత పట్టిస్తున్నాడు, గీత లాగేటప్పుడు ఊపిరి ఎక్కడ బిగబడుతున్నాడు, వెనక నిలబడి ఇవే చూసేవాణ్ణి. రాత్రి ఇంటికొచ్చి పాత రేకు మీద వేసుకునేవాణ్ణి.

అందుకే చెప్తున్నా, ఏ రంగులో ఏం కలిపావని ఆ అబ్బాయిని ఇంక అడగొద్దు. ముందు ఏ రంగు పరుస్తున్నాడో చూడు. రెండో పూతకు ఎంతసేపు ఆగుతున్నాడు, కుంచె ఎప్పుడు తుడుస్తున్నాడు, ఎన్నిసార్లు వెనక్కి జరిగి చూసుకుంటున్నాడు, అన్నీ గమనించు. ఆ రోజే హాస్టల్లో కూర్చుని నువ్వూ వేసి చూడు. కుదరకపోతే ఆ బొమ్మ పట్టుకుని మీ సారు దగ్గరికి పో. ఉత్త చేతులతో పోయి అడగడం కంటే, ఇక్కడ చెడింది సార్ అని చూపిస్తే చెప్పేవాళ్ళు ఎక్కువ.

రవివర్మకు రాజు అండ ఉంది, మనకు లేదు, ఒప్పుకుంటా. కానీ ఫీజు గురించి నువ్వు టెన్షన్ పడొద్దు. ఒక కల్యాణ మంటపానికి గోడ బొమ్మల పని ఒప్పుకున్నా, అడ్వాన్స్ కూడా ఇచ్చారు. సంక్రాంతి సెలవులకు రా, ఇద్దరం లేపాక్షి పోదాం. వీరభద్రస్వామి గుడి పైకప్పు బొమ్మల్లో నల్ల గీత ఎట్లా నడిచిందో తీరిగ్గా చూద్దువు. అప్పటిదాకా చదువు మాత్రం వదలొద్దు.

ఏ నంబరు కుంచెలు కావాలో అమ్మ ఫోన్‌కు మెసేజ్ పెట్టు, తెలిసినవాళ్ళు సోమవారం బస్సుకు హైదరాబాద్ వస్తున్నారు, వాళ్ళతో పంపిస్తా.

మీ నాయన