ఆ పాట దగ్గర రాబీ వెడెల్ పేరు కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

సంగీతంలో యంత్రాల పెత్తనం గురించి ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో 1977లో డోనా సమ్మర్ పాడిన 'ఐ ఫీల్ లవ్' ప్రస్తావన వచ్చినచోట, సింథసైజర్ (విద్యుత్తుతో స్వరాలు పుట్టించే వాద్యం) తనంతట తానే వాయించుకుపోయిన పాటగా దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు. ముప్ఫయ్యేళ్లుగా కీబోర్డునే నమ్ముకుని బతుకుతున్నవాణ్ని కాబట్టి ఆ వాక్యం దాటి ముందుకు వెళ్లలేకపోయాను. ఆ యంత్రం తనంతట తాను అర నిమిషం కూడా సరిగ్గా వాయించలేదు. దానిచేత వాయించడానికి మనుషులు పడిన పాట్లే ఆ పాట చరిత్ర.

జర్మనీలోని మ్యూనిక్ నగరంలో, అరబెల్లాహౌస్ అనే పెద్ద భవనం నేలమాళిగలో ఉన్న మ్యూజిక్‌ల్యాండ్ స్టూడియోలో ఈ పాట తయారైంది. నిర్మాతలు ఇద్దరు: ఇటలీ ఉత్తర సరిహద్దుల్లో పుట్టిన జార్జియో మొరోడర్, ఇంగ్లండుకు చెందిన పీట్ బెలాట్. అమెరికాలోని బోస్టన్‌లో చర్చి పాటలు పాడుతూ పెరిగిన డోనా సమ్మర్, ఒక సంగీత నాటకంలో వేషం కట్టడానికి 1968లో మ్యూనిక్ వచ్చి, తర్వాత వీరికి పరిచయమైంది. ముగ్గురూ కలిసి చేస్తున్న ఆల్బమ్‌లో వరుసగా గడిచిన కాలాల బాణీలను ఒక్కొక్క పాటలో చూపించి, చివరి పాటలో మాత్రం రాబోయే కాలం ఎలా వినిపిస్తుందో చూపాలనుకున్నారు. అంతవరకు డిస్కో పాట అంటే వయొలిన్ల బృందం, బాకాలు, బేస్ గిటార్ తప్పనిసరి. రేపటి పాటలో అవి ఉండవని మొరోడర్ నిర్ణయించుకుని మోగ్ మాడ్యులర్ సింథసైజర్‌ను ఆశ్రయించారు.

ఆ వాద్యం ఆయన సొంతం కాదు. ఎబర్‌హార్డ్ షోనర్ అనే జర్మన్ స్వరకర్తది. బీరువాల్లాంటి పెట్టెలు, వాటి నిండా మరలు, ఒక గడి నుంచి మరో గడికి వేలాడే తీగలు. దాన్ని ఎలా పలికించాలో బాగా తెలిసినవాడు షోనర్ సహాయకుడైన రాబీ వెడెల్. టేపు మీద పక్కపక్కనే విడివిడిగా ధ్వని నింపుకునే ట్రాకుల్లో ఒకదాని నిండా సమానమైన వ్యవధిలో పడే సంకేతాన్ని ముందుగా నింపిపెట్టి, ఆ సంకేతంతోనే మోగ్‌ను నడిపిస్తే, ఇప్పుడు వాయించిన వరుస మీద తర్వాత వాయించే వరుస వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చి కూర్చుంటుందని నిర్మాతలకు చూపించింది ఆయనే. మన కచేరీలో మృదంగం, ఘటం, కంజీర ఒకే చేతితాళాన్ని పట్టుకుని నడుస్తాయి కదా, అలాంటి చేతితాళాన్ని టేపు మీద రాసిపెట్టడమన్నమాట. ఆ ఒక్క ఉపాయం లేకపోతే వరుస మీద వరుస పేర్చడం అసాధ్యం. పేర్చలేకపోతే ఆ పాటే లేదు.

అయినా కష్టం తీరలేదు. ఆనాటి మోగ్‌కు శ్రుతి నిలవదు. ఇరవై ముప్ఫయి సెకన్లు వాయించేసరికి స్వరం జారిపోయేది. ఆపి, మరలు తిప్పి, శ్రుతి సరిచేసుకుని, మళ్లీ అక్కడి నుంచి అందుకునేవారు. దాదాపు ఆరు నిమిషాల పాట అంతా అలా ముక్కముక్కలుగా వచ్చిందే. వినేవారికి మాత్రం ఎక్కడా అతుకు కనబడదు.

పాఠకులు ఒక చిన్న పని చేసి చూడాలని నా కోరిక. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లతో ఈ పాట మొదలుపెట్టి, కాసేపయ్యాక కుడిచెవిది తీసేయండి. అప్పటిదాకా గుర్రపు డెక్కల్లా ఉరకలు వేసిన బేస్ (మంద్రస్థాయి స్వరాల వరుస) సగానికి సగం పలచబడి, మామూలు నడకలోకి వచ్చేస్తుంది. ఎందుకంటే అసలు స్వరం ఎడమ పక్కన, దాని ప్రతిధ్వని కొంచెం ఆలస్యంగా కుడి పక్కన వినిపించేలా అమర్చారు. ఒక స్వరానికీ తర్వాతి స్వరానికీ నడుమ ఉన్న ఖాళీలో సరిగ్గా ఆ ప్రతిధ్వని వచ్చి పడుతుంది కాబట్టి, ఉన్న స్వరాలకు రెట్టింపు ఉన్నట్టు చెవికి తోస్తుంది. ఆ పరుగును మోగ్ ఒక్కటే పుట్టించలేదు. ఎంత ఆలస్యం చేయాలో, ఏది ఏ పక్కన పెట్టాలో చెవితో తేల్చుకున్నవారు కలిసి పుట్టించారు.

ఇక 'ధమ్ ధమ్' మనే దరువు సంగతి. తాళాల చప్పుడు, చిన్న డ్రమ్ము చప్పుడు వంటివి మోగ్ లోంచే రాబట్టగలిగారు గానీ, గుండెల్లో గుద్దినట్టుండే కిక్ డ్రమ్ము మాత్రం దాంతో కుదరలేదు. అందుకని డ్రమ్మర్ కీత్ ఫోర్సీని కూర్చోబెట్టి ఆ దరువు కాలితో వాయింపజేశారు. యంత్రం పక్కన, యంత్రమంత నిలకడగా, పాట ఆసాంతం ఒకే దరువు వేయడం ఎంత కష్టమో మా రిథమ్ ప్యాడ్ మిత్రులను అడిగితే చెబుతారు. వీటన్నిటి మీద డోనా సమ్మర్ గొంతు ఉంది. చర్చిలో గొంతెత్తి పాడిన మనిషి ఇక్కడ బలమంతా దాచుకుని, పైస్థాయిలో, ఊపిరి ఎక్కువగా వినబడేలా, కొద్దిపాటి మాటలనే సాగదీసి పాడింది. కింద అంత బిగువైన లయ ఉన్నప్పుడు పైన గాయని తొందరపడకపోవడం నేర్చుకోదగ్గ విద్య.

ఈ పాటను మొదట అమెరికాలో వేరొక పాట రికార్డుకు వెనుకవైపున వేశారు. వినేవారు రికార్డు తిప్పి దీన్నే అడగడంతో ముందువైపుకు వచ్చింది. 1977 వేసవిలో బ్రిటన్‌లో నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అమెరికాలో ఆరో స్థానం దాకా వెళ్లింది. ఆ రోజుల్లో బెర్లిన్‌లో పనిచేస్తున్న ఇంగ్లిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో ఈ రికార్డు పట్టుకుని పరుగున వచ్చి, మరో పదిహేనేళ్ల పాటు క్లబ్బుల్లో వినిపించే సంగీతాన్ని ఇది మార్చేస్తుందని తనతో అన్నట్టు ఇంగ్లిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ తర్వాత చెప్పారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్యాట్రిక్ కౌలీ అనే సంగీతకారుడు దీన్ని పదిహేను నిమిషాలకు పెంచి చేసిన రూపం కొన్నేళ్లు డీజేల చేతుల్లో తిరిగి, 1982లో అధికారికంగా విడుదలైంది. అదే సంవత్సరం కౌలీ ఎయిడ్స్‌తో కన్నుమూశారు. తర్వాత షికాగో హౌస్, డెట్రాయిట్ టెక్నో అని పిలిచిన క్లబ్బు సంగీత ధోరణులన్నిటిలోనూ ఈ బేస్ పరుగు వినిపిస్తుంది. 2012 మే 17న డోనా సమ్మర్ మరణించిన వారం తిరగకముందే, అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం భద్రపరచదగిన ధ్వనిముద్రణల జాబితాలో ఈ పాటను చేర్చినట్టు ప్రకటించింది. ఆ గౌరవం ఆమె కళ్లతో చూసుకోలేకపోయిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంత చరిత్రలో వెడెల్ ఎక్కడ? పాట రాసినవారుగా సమ్మర్, మొరోడర్, బెలాట్ పేర్లున్నాయి, అది న్యాయమే. 2013లో డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచి సంగీత బృందం తమ ఆల్బమ్‌లో మొరోడర్ చేత ఆయన కథ చెప్పించినప్పుడు, టేపు మీది సంకేతంతో మోగ్‌ను నడిపిన సంగతి ఆయన చెప్పారు గానీ, ఆ దారి చూపినవాడి పేరు అందులో వినబడదు. మొరోడర్‌ది దురుద్దేశమని నేను అనను. వెడెల్ చేసిన మేలును బెలాట్ మనసారా ఒప్పుకున్నారు కూడా. కానీ కథ చేతులు మారేకొద్దీ పేర్లు రాలిపోతాయి. చివరికి మిగిలింది యంత్రమే కాబట్టి, పాటంతా యంత్రమే చేసిందని మీ వ్యాసకర్తకు అనిపించింది.

మన దేశంలోనూ ఇదే జరిగింది. హిందీ సినిమాలకు ఏళ్ల తరబడి వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ సింథసైజర్లు, డ్రమ్ మెషీన్‌తో పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి ఒక రికార్డు చేశారు. దాని విలువ ప్రపంచం గుర్తించేసరికి 2010 వచ్చింది. 1990 దశకంలో నేను రాజమహేంద్రవరంలో ఆర్కెస్ట్రాలో వాయిస్తూ, ఒక కేసెట్ కంపెనీ వారి భక్తిగీతాలకు రిథమ్ ప్రోగ్రామింగ్ చేశాను. వరుసగా పదకొండు రాత్రులు నిద్రమాని, ఒక్కొక్క దరువూ ఫ్లాపీలోకి ఎక్కించాను. కేసెట్ చేతికొచ్చాక లోపలి కాగితం విప్పి చూస్తే గాయకులు, రచయిత, స్వరకర్త, బొమ్మ గీసినవారు, ముద్రాపకులు అందరూ ఉన్నారు. వాద్యకారుల్లో ఒక్కరి పేరూ లేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అందువల్ల మీకు నా విన్నపం ఇది. మీ సినిమా పేజీల్లో పాటల సమీక్ష వేసేటప్పుడు, స్వరకర్త, గాయకుల పేర్ల కింద కీబోర్డు ప్రోగ్రామర్, రిథమ్ ప్రోగ్రామర్, సౌండ్ ఇంజినీర్ల పేర్లకు ఒక్క పంక్తి కేటాయించండి. ఆడియో కంపెనీలు ఆ వివరాలు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. పత్రిక అడిగితే ఇస్తారు. 'ఐ ఫీల్ లవ్' గురించి మీరు వేసిన వాక్యానికి సవరణ కూడా, వీలైతే వచ్చే ఆదివారం అదే పేజీలో, రాబీ వెడెల్, కీత్ ఫోర్సీల పేర్లతో ప్రచురించగలరు.

భవదీయుడు,
ఒక కీబోర్డు వాద్యకారుడు,
రాజమహేంద్రవరం