పాఠం చెప్పని టీచరుకు పనేమిటి?

ప్రియ నేస్తమా,

నీ ఉత్తరం అందింది. జూన్ నుంచి ఆ ఒంటిగది బడిలో చేరుతున్నావంటే ఎంత సంతోషమేసిందో! ఒకటి నుంచి అయిదు దాకా కలిపి పాతికమంది పిల్లలు, నువ్వొక్కడివే. "పిల్లలు వాళ్లంతట వాళ్లే నేర్చుకునే బడి అంటున్నారు, మరి నేనెందుకురా అక్కడ?" అని అడిగావు కదా. ఆ ప్రశ్న పట్టుకునే రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదువు.

నీ పని తగ్గదురా, చోటు మారుతుందంతే. ఇన్నాళ్లూ నోటితో చేసిన దాంట్లో సగం ముందురోజు సాయంత్రం చేతులతో చెయ్యాలి. మిగతా సగం బడి నడుస్తుండగా కళ్లతో, చెవులతో చెయ్యాలి.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల చుట్టుపక్కల పల్లె బడుల కోసం రామ, పద్మనాభరావు దంపతులు రూపొందించిన పద్ధతి నీకు సరిగ్గా సరిపోతుంది. పాఠాలను విడగొట్టి చిన్న చిన్న కార్డులు చేశారు. కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె ఉంటాయి. గోడ మీద నిచ్చెన పటం ఉంటుంది, నేర్చుకోవాల్సినవన్నీ మెట్లుమెట్లుగా, మైలురాళ్లుగా అందులో ఉంటాయి. పిల్లవాడు పటంలో తానెక్కడున్నాడో చూసుకుని, ఆ గుర్తున్న ట్రేలోంచి తన కార్డు తనే తెచ్చుకుంటాడు. ప్రతి మైలురాయికీ ముందు పరిచయం, తర్వాత సాధన, ఆపైన మూల్యాంకనం. తేలకపోతే ఇంకొంత సాధన, తేలితే ఇంకాస్త పైస్థాయి పని. వేరుశనగ పీకడానికి అమ్మానాన్నలతో వెళ్లి పదిరోజులు బడి మానినవాడు కూడా వదిలిన చోటే అందుకుంటాడు, వాడికి పాఠాలు పోయాయన్న మాటే ఉండదు. కర్ణాటకలో 1995లో హెగ్గడదేవనకోటెలో మొదలైన నలి-కలి అనే ఆడుతూ నేర్చుకునే పద్ధతి, ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల్లోకి వెళ్లిన కార్డుల పద్ధతి ఈ దారిలో వచ్చినవే.

ఇందులో నీ చోటు ఎక్కడంటావా? పరిచయం కార్డు వచ్చినవాళ్లు నీ చాప మీదకొస్తారు. సాధనలో ఉన్నవాళ్లలో కొందరికి నువ్వు మధ్యమధ్యలో సాయం చేస్తావు, కొందరికి తోటిపిల్లలు చేస్తారు, కొందరు సొంతంగా చేసుకుంటారు. నీ చాప మీద ఆరేడుగురికి మించనివ్వకు. పదిమంది చేరారంటే ఎక్కడో సాధన కార్డులు చాలక అందరూ ఒక్కసారే ఆ మెట్టుకొచ్చారన్నమాట. అప్పుడు ఇద్దరు ముగ్గురికి చప్పున పరిచయం చేసి పంపెయ్, మిగతావాళ్లని వెనకటి కార్డుతో ఏదైనా ఆట ఆడుకోమను. నువ్వు అక్కడే ఇరుక్కుంటే అటు మూల పెన్సిళ్ల తగాదా మొదలవుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఇంకోచోట. పిల్లలు వరసకట్టి కార్డు చూపిస్తారు, టీచరు టిక్కు పెడతాడు, వాళ్లు తర్వాతి కార్డుకి పరిగెడతారు. చూసేవాళ్లకు బడి జోరుగా నడుస్తున్నట్టే ఉంటుంది. నిచ్చెన పరుగుపందెమైపోతుంది, ఎవరికేం అర్థమైందో ఎవరికీ తెలియదు. టిక్కు పెట్టేముందు "ఎలా చేశావో చెప్పు" అని అడుగు. తప్పు చేసినవాణ్నే కాదు, సరిగ్గా చేసినవాణ్ని కూడా అడగాలి.

52లోంచి 17 తీసెయ్యమంటే ఒక పిల్ల 45 అని రాస్తుంది. తప్పని కొట్టేస్తే నీకూ ఏమీ తెలియదు, దానికీ తెలియదు. ఎలా చేసిందో చెప్పించావనుకో, 7లోంచి 2 పోతే 5, 5లోంచి 1 పోతే 4 అంటుంది. ప్రతిచోటా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది. దానికో పద్ధతి ఉంది, అది తప్పు పద్ధతి, అంతే. ఇక్కడ "అప్పు తెచ్చుకో" అని నేర్పెయ్యకు. అయిదు పుల్లల కట్టలు (కట్టకి పది, రబ్బరు బ్యాండు వేసి), రెండు విడి పుల్లలు చేతికిచ్చి, "నాకు పదిహేడు ఇవ్వు" అని చెయ్యి చాపు. ఒక కట్ట ఇచ్చేస్తుంది. ఏడు విడివి కావాలి, ఉన్నవి రెండే. ఆ ఆగిన క్షణంలో నోరు మెదపకు. కట్ట విప్పాలని దానికే తోస్తుంది. 35 మిగిలాక, అప్పుడు పలక మీద రాయించు. ఒకవేళ తోచకపోతే "కట్టలో ఏమున్నాయి?" అని ఒక్క మాట అడుగు చాలు.

మౌనంగా ఉండటం నిజంగా కష్టంరా. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకనుకు మించి ఆగడం లేదని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే చూపించింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు మాట్లాడతారు. మనసులో మూడు లెక్కపెట్టుకో.

ఇక పరిశీలన పుస్తకం. రోజుకి అయిదుగురి గురించి, ఒక్కొక్కరికి రెండు మూడు వాక్యాలు రాస్తే వారంలో పాతికమందీ అయిపోతారు. ఎవరి వంతో ముందే రాసిపెట్టుకో, లేదంటే అల్లరి పిల్లల గురించే పేజీలు నిండుతాయి, నెమ్మదస్తులు నెలల తరబడి నీ కంటికే ఆనరు. చూసింది రాయి, తీర్పు రాయకు. "శ్రద్ధ లేదు" అని రాస్తే రేపు దానితో నువ్వేం చేస్తావు? "కార్డు తీశాడు, మొదటి వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగాడు, తర్వాత పక్కవాడి వైపు తిరిగాడు" అని రాస్తే వాడి ఇబ్బంది చదవడంలో ఉందేమో చూడాలని తోస్తుంది.

కొత్త పేర్లు చెప్పేటప్పుడు మాంటిసోరి బడుల్లోని మూడంచెల పాఠం వాడు. "ఇది త్రిభుజం, ఇది చతురస్రం" అని చూపించు. తర్వాత "త్రిభుజం ఏదీ?" అని అడుగు. ఈ రెండో అంచెలోనే ఎక్కువసేపు ఆడించాలి. అది తేలాకే "ఇదేమిటి?" అనాలి. మధ్యలో తడబడితే దిద్దకుండా ఆపేసి, ఇంకోరోజు మొదటి అంచె నుంచి ఎత్తుకో.

చదవడానికి అ, ఆలతోనే మొదలెట్టాలని లేదు. గ, డ, ప, వ, క, ల అన్న ఆరక్షరాలు చాలు: గడప, పడవ, కడవ, పలక, వల, కల, వడ. అన్నీ పిల్లలెరిగిన మాటలే, గుణింతం అక్కర్లేదు, మొదటి వారంలోనే చదివానన్న ధీమా వస్తుంది. పోలికలున్న అక్షరాలను మాత్రం ఒకేసారి తేకు. వ బాగా కుదిరాకే మ తీసుకురా.

పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం మంచిదే. కానీ ఎప్పుడూ ఆ చురుకైన పిల్ల చేతే చెప్పిస్తే దాని నిచ్చెన ఆగిపోతుంది. రోజులో కొంతసేపే, వంతులవారీగా చెప్పించు.

తల్లిదండ్రులు "ఆడిస్తున్నారు తప్ప చదువు చెప్పట్లేదు" అంటారు, తప్పకుండా అంటారు. వాదనకు దిగకు. రిషివ్యాలీ వాళ్లు మెట్రిక్ మేళా అని పెడతారు, పిల్లలే అంగళ్లు పెట్టి తూచి, కొలిచి చూపిస్తారు. అలాంటిదొకటి నీ బడిలో పెట్టు. వాళ్లమ్మ ఎత్తు తనే సెంటీమీటర్లలో కొలిచి రాసిచ్చిన కూతుర్ని చూశాక ఆ మాట చాలావరకు తగ్గుతుంది. అధికారులెవరైనా అడిగితే 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చూపించు, పిల్లలే కేంద్రంగా, పనుల ద్వారా నేర్చుకోవాలని అందులోనే ఉంది. పిల్లల్ని కొట్టకూడదని 17వ సెక్షన్ ఎటూ చెబుతోంది.

బడి తెరిచేలోపు ఆ ఆరక్షరాల కార్డులు మందపాటి అట్ట మీద రెండేసి చొప్పున రాసిపెట్టుకో, ఒకటి ఎలాగూ చిరుగుతుంది. అలమర అరలు పిల్లల ఛాతీ ఎత్తు దాటకూడదు, అందనిదేదీ వాళ్లు సొంతంగా తీసుకోలేరు. పుల్లలకి చీపురు పుల్లలు వద్దు, గుచ్చుకుంటాయి. ఐస్‌క్రీమ్ పుల్లలు రెండువందల యాభై తెప్పించు. నిచ్చెన పటం గీశాక ఫోటో పంపు, కూర్చుని చూద్దాం.

ఉంటాను రా.